గొడ్డలి తిరగేసి తట్టే మనిషి

వీధి చివరి ఇంటాయనకు కరెంటు ఆఫీసులో కొమ్మలు కొట్టే పని. వైర్లకు ఏ కొమ్మ తగిలినా ఆయనే ఎక్కాలి. అందుకే అందరికీ కొమ్మలాయన అయిపోయాడు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో!

ఆయనకో అలవాటుంది. చెట్టెక్కే ముందు గొడ్డలి తిరగేసి మొదలు మీద టకటకా కొట్టి, చెవి ఒగ్గి నిలబడేవాడు. పిట్టో ఉడతో ఉంటే లేచిపోతుందని.

"చెట్టుకు కూడా కాలింగ్ బెల్లేంటి బావా?" అని కొట్టిన కొమ్మలు మోసే లారీ తోలే బావమరిది నవ్వేవాడు.

"ఒకరింట్లోకి వెళ్తూ తలుపు తట్టమూ? ఇదీ అంతేరా."

సాయంత్రం తన ఇంటి తలుపూ అలాగే తట్టేవాడు. "తోసుకురండి, నేను లేచొచ్చి తీయాలా ఏంటి?" అని లోపల్నుంచి భార్య కేకేసేది. మెట్ల మీద జారిపడ్డాక ఆవిడకు నడుము కింద పట్టు పోయింది. వెనక కిటికీ పక్కన మంచం, ఒళ్లో దర్జీ పంపిన చొక్కాలు, చేతిలో గుండీలు. కిటికీ అవతల సన్నటి సందు, సందు దాటితే అడవి. అడవి అంచు చెట్టు మీద దట్టమైన తీగల గుబురు. అందులో చిట్టికోతుల కాపురం.

పిల్లికూనకన్నా కాస్త పెద్దవి, అంతే. ఎండ తగిలితేగాని గుబురు వదలవు. వచ్చాక తోకలు ఒకదానికొకటి పెనవేసుకుని కాసేపు కూర్చుని, తర్వాత రోజూ వెళ్లే కొమ్మల మీదుగానే పళ్లకు వెళ్తాయి. మసక పడేసరికి మళ్లీ గుబురులోకి. నేల మీద కాలు పెట్టగా ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"పిల్లను మోసేది మొగుడేనండీ. పాలకు మాత్రమే తల్లికిస్తాడు. చూసి నేర్చుకోండి, మీరు నీళ్ల బిందె కూడా మోయరు!"

"పగలంతా చెట్లెక్కేది నేనేగా, ఇంకా నేర్చుకోవాలా?"

ఆవిడ నవ్వేది అలాంటప్పుడే. అందుకే ఆయన రోజూ ఆ కోతుల కబురు అడిగేవాడు, సగం చెవితోనే విన్నా.

"గద్ద నీడ పడ్డా, ఎక్కడన్నా టక్కుమన్నా పారిపోవండీ. ఉన్నచోటే బిగుసుకుపోతాయి. చెట్టుకు బొడిపె మొలిచిందనుకుంటాం."

"ఊఁ," అన్నాడాయన, కంచంలోంచి తలెత్తకుండా.

గాలివానకు ఆ గుబురు వైర్లకు తగిలి వీధంతా చీకటైంది. కొట్టేయమని ఆఫీసులో చెప్పారు. ఆ మాట వినగానే ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"అవి కూడా పోతే ఈ కిటికీలో నాకేం మిగుల్తుందండీ?"

"ఎండెక్కి అవి మేతకు పోయాకే కొడతాను. ఒక్కదానికీ దెబ్బ తగలనివ్వను. నా మాట నమ్ము."

తెల్లారితే మంచు. పొద్దెక్కుతున్నా ఎండ జాడే లేదు. "ఎంతసేపు బావా?" అని బావమరిది ఇంజను ఆపకుండానే విసుక్కున్నాడు. కొమ్మలాయన గొడ్డలి తిరగేసి గట్టిగా తట్టాడు. ఆకు కదల్లేదు. ఇంకోసారి తట్టాడు. గుబురులోంచి ఏదీ బయటికి రాలేదు. వెళ్లిపోయాయన్నమాట, అనుకున్నాడు. ఎక్కి చూస్తే కిటికీలో భార్య రెండు చేతులూ ఊపుతోంది. నోరు కదులుతోందిగాని ఇంజను రొదలో మాట అందలేదు. ముచ్చటేసి తనూ చెయ్యి ఊపి, గొడ్డలి ఎత్తాడు.

గుబురు మొత్తం ఒక్కసారిగా కిందపడింది. బావమరిది తీగలు లాగుతూ లాగుతూ ఆగిపోయాడు. ఇంజను కట్టేశాడు. తండ్రికోతి వీపును పిల్ల అలాగే కరుచుకుని ఉంది. రెండింటిలోనూ ఊపిరి లేదు. పక్క కొమ్మ మీద మిగిలిన తల్లి కీచుమంటూ కిందికి, ఇంకా కిందికి, చివరికి నేల మీదికే దిగింది. వాటి చుట్టూ తిరిగింది. మనుషుల్ని చూసి కూడా పారిపోలేదు.

బావమరిది లారీలోంచి పార తెచ్చాడు. గొయ్యి తనే తవ్వాడు.

కొమ్మలాయన గొడ్డలి లారీలోనే వదిలేసి, చీకటి పడేదాకా సందు మొదట్లో కూర్చున్నాడు. తర్వాత లేచి వేలి కణుపులతో ఇంటి తలుపు తట్టాడు.

లోపల్నుంచి కేక రాలేదు. మళ్లీ తట్టాడు. గుడ్డ కదిలిన చప్పుడు కూడా లేదు.

లోపల ఎవరూ లేరని మాత్రం ఈసారి ఆయన అనుకోలేదు. చెయ్యి తలుపు మీదే ఉంచి, తోయకుండా, అలాగే నిలబడ్డాడు.