మైనస్ ఒకటి వేసిన రోజులు

పదకొండేళ్లు ఆమె కాలుష్యం కొలిచే సర్కారు ల్యాబ్‌లో, గాలిలో ధూళి కొలిచింది. నివేదికల మీద పేరు మాత్రం ల్యాబ్ పెద్దసారుదే. ఆమెకు నలభై దాటినా ఆయనకు ఇంకా "టైపు అమ్మాయే". పళ్ల బిగువున భరించింది.

ధూళి, మీటరు కొలవగల హద్దు దాటిపోయిన రోజున పట్టికలో మైనస్ ఒకటి వేయడం ఆ ల్యాబ్‌లో అలవాటు. ఎక్కడా రాసి ఉండదు, కొలిచేవాళ్లకే తెలుసు. పెద్దసారు ఏనాడూ మీటరు ముట్టుకున్న పాపాన పోలేదు. ఆ మైనస్‌లన్నీ కలిపేసి సగటు తీసి, సిమెంటు ఫ్యాక్టరీ పక్క వీధిలో గాలి శుభ్రమని తేల్చేశాడు. ఊపిరాడని రోజులే అన్నిటికన్నా శుభ్రమైన రోజులైపోయాయి. "సార్, ఆ మైనస్‌లు..." అని ఆమె నోరు విప్పితే, "నువ్వు టైపు చూసుకో తల్లీ" అన్నాడు.

ఆ వీధిలోనే ఆమె అక్క ఉంటుంది.

"మా గాలి శుభ్రమంట కదే! మరి ఈ దగ్గు నా సరదానా?" అంది అక్క, ఆ వార్త పడ్డ పేపరుతోనే కిటికీ దుమ్ము తుడుస్తూ.

"ఉండవే అక్కా. ఆయన సంతకంతోనే ఆయన నోరు మూయిస్తా."

పాత పట్టికలన్నీ కొత్తరకం ఫైళ్లలోకి మార్చాలని పై ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. ఏం కొలిచారు, ఏ యూనిట్లలో, ఎవరు కొలిచారు అన్న వివరమంతా అంకెలతో పాటు ఆ ఫైలే మోస్తుంది. పెద్దసారు ఆ చాకిరీ ఆమె నెత్తిన పడేశాడు. ఫైళ్లన్నిటినీ కంప్యూటరే మార్చేసేలా ఆమె పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసింది. నాలుగు వేల ఫైళ్లు, ప్రతిదాని మొదట్లో ఒకే మాట: "మైనస్ ఒకటి కొలత కాదు. ధూళి, మీటరు కొలవగల హద్దు దాటింది. సగటులో కలపరాదు." దాని కింద, కొలిచినవారిగా తన పేరు. పెద్దసారు ఒక్క ఫైలూ తెరవకుండానే, అన్నీ సరిచూశానన్న కాగితం మీద సంతకం గీకేశాడు.

పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన అధికారిణి అందరి ముందూ ఒకటి తెరిచి పైకి చదివింది.

"మరి మీరు కలిపారేంటండీ?"

పెద్దసారు వెనక కుర్చీ వైపు వేలు చూపించాడు. "అది... టైపులో పొరపాటు."

"పొరపాటైతే మీరు సంతకం ఎలా పెట్టారు సార్?" వెనక కుర్చీలోంచి లేచింది ఆమె. "కొలిచింది నేను. తారీకులు చెప్పమంటారా?"

ఒక్క ఏడాదిలోనే అరవై ఒక్క మైనస్ రోజులు. నివేదిక తప్పని పెద్దసారు ఒప్పుకోలు ఇవ్వాల్సి వచ్చింది. దాన్ని టైపు చేసింది ఆమే, ఒక్కో అక్షరం నింపాదిగా, కసితీరా.

ఫ్యాక్టరీ ఇంకా నడుస్తూనే ఉంది. మీ వీధి గాలి బాగుందని ఎవరైనా సగటు చూపిస్తే నమ్మకండి. అసలు ఫైలు, కొలిచినవాళ్ల పేరుతో సహా కావాలని ఈ వారమే కొలిచిన ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే నలుగురూ కలిసి వెళ్లి ఆ ఆఫీసు గుమ్మంలో కూర్చోండి.