చెంబు మీద గ్లాసు

మా ఇంట్లో నా మాట ఇప్పటిదాకా ఎవరూ చెవిన పెట్టలేదు. నాందేడ్‌లో ఒక పొద్దున భూమి గుర్రుమని కదిలి, అటక మీద డబ్బాలు గలగలలాడినప్పుడు "బయటికి రాండ్రి" అని అరిచింది నేనొక్కణ్ణే. మా తమ్ముడు గడపలో నిలబడి జొన్నరొట్టె నములుతూ "లారీ పోయింది అన్నా" అన్నాడు. గల్లీ అంతా రోడ్డు మీదికి వచ్చాక కూడా నాదే నిజమని ఒప్పుకోలేదు. అది నేను మరిచిపోలేదు.

అలాంటి తమ్ముడు ఇప్పుడు సముద్రం మధ్య ఒక దీవిలో, నిద్రపోతున్న అగ్నిపర్వతం కింద, హోటల్లో వంట చేస్తున్నాడు. వెళ్తున్న సంగతి నాకు చెప్పనే లేదు. దెగ్లూర్ బస్టాండులో మా మేనమామ చెబితే తెలిసింది. చేరిన వారానికి ఫొటో పంపాడు. ముందర వాడు, వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక కొండ. కొండ కొస కనబడలేదు, మబ్బులోకి పోయింది. వాడు దానికి వీపు పెట్టి నవ్వుతున్నాడు.

వెంటనే ఫోన్ చేశాను.

"అది పండుకున్నది అన్నా. ఈడోళ్ల తాతల కాలం నుంచి లేవలేదట."

"ఇగ లేవనని నీకు రాసిచ్చిందా?"

"మట్టి మన చేను లెక్కనే నల్లగున్నది. పత్తి ఏస్తే మస్తు పండుతది."

మన నల్లరేగడి కూడా ఒకప్పుడు భూమి కక్కిన నిప్పేనని బడిలో చెప్పారు. వాడూ అదే బడిలో చదివాడు.

భూమి కదిలిన రోజుల్లో మా గల్లీలో ఇంటింటా చేసిన పనే వాణ్ణి చెయ్యమన్నాను. చెంబు బోర్లించి, దాని మీద స్టీలు గ్లాసు నిలబెట్టాలి. నేల కదిలితే గ్లాసు పడుతుంది. చప్పుడు వినగానే బయటికి ఉరకాలి. నవ్వాడు గానీ తన గదిలో పెట్టాడు. రోజూ పొద్దున "గ్లాసు ఉన్నదా?" అని పంపేవాణ్ణి. "ఉన్నది" అని వచ్చేది. అప్పుడు చాయ్ తాగేవాణ్ణి.

మొన్న "పడ్డది" అని వచ్చింది. పక్కన ఒక నవ్వు బొమ్మ. అప్పటినుంచి నా ఫోన్ ఎత్తడు.

"పనిల ఉంటడు, జర ఊకోరాదు" అంటుంది నా భార్య. నిన్న ఆమెకు మాత్రం ఫొటో పంపాడు, "వదినా, చేపల పులుసు చేసిన" అని. ఆమె పులుసు చూసింది. నేను ఫొటోలో పులుసు గిన్నె వెనక చూశాను. చెంబు పక్కన నేల మీద గ్లాసు ఇంకా పడే ఉంది.

తమ్మీ, పిల్లి తోసిందా, నీ చెయ్యి తగిలిందా, నేల కదిలిందా? ముందు ఆ గ్లాసు నిలబెట్టు. నిలబెట్టి నాకు జవాబు చెప్పు. వదినకు కాదు, నాకు.