పోయినాయన వంతు

నేను రాసిన కథలు నాకంటే ఎక్కువసార్లు విమానమెక్కిన రోజులవి. ఎనభైల మొదట్లో న్యూయార్క్‌లో, వాషింగ్టన్ హైట్స్‌లోని ఓ పాత బిల్డింగులో నాలుగో అంతస్తున మా గుంటూరు రూమ్మేటూ నేనూ ఉండేవాళ్లం. పగలు ఇన్సూరెన్స్ ఆఫీసులో ప్రోగ్రాములు, సాయంత్రం కథలు. వాటిని భక్తిగా విజయవాడ పత్రికలకు పంపితే అంతే భక్తిగా తిరిగొచ్చేవి. అలా తిరిగొచ్చిన లావుపాటి కవరొకటి మెయిల్‌బాక్స్‌లో పట్టక వేలాడుతుంటే కింద వాటా ఆవిడ చూసింది. డొమినికన్ దేశస్థురాలు, స్పానిష్ తప్ప మరో భాష రాదు, కుట్టు ఫ్యాక్టరీలో పని, అరవై దగ్గర పడ్డ వయసు. అందరూ ఆవిణ్ణి దోన్యా అనేవారు (మనం అమ్మగారూ అన్నట్టు). గాల్లో వేలితో రాసి చూపించి, ‘నువ్వూనా?’ అన్నట్టు కనుబొమలెగరేసింది. సిగ్గుపడుతూ తలూపాను. నన్ను రచయితగా గుర్తించిన మొదటి మనిషి ఆవిడే, అదీ తిరిగొచ్చిన కథను చూసి!

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లింట్లో తమ దేశపు రచయితలు కలుస్తారని, నన్నూ రమ్మందని ఆవిడ తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన బడిపంతులు, అందుకని నాకు మాస్టారు. టాక్సీ నడిపేవాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు, కుట్టుపనివాళ్లు, అంతా కలిసి పదిమంది గుండ్రంగా కూర్చుని వంతులవారీగా తలో పేజీ చదువుతారట. విన్నవాళ్లు ముందు ఒక తప్పు చెప్పాలి, మెచ్చుకోవడం ఆ తర్వాతే. (మన సభల్లో ఈ పద్ధతి పెడితే పదిమంది కాదు గదా, ఇద్దరు కూడా మిగలరు.)

జనవరి నెల. బయట మంచు. మన అలవాటు ప్రకారం అరగంట ఆలస్యంగా వెళ్లాను. తలుపు ఓరగా తీసే ఉంది. కర్టెన్లు దించేశారేమో, మూడు గంటలకే గదంతా మసక. ఎవరో చదువుతున్నారు, ఒక్కరూ తల తిప్పలేదు. ఒకటే కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన స్టూలు మీద గ్లాసుడు నీళ్లు, వెలుగుతున్న కొవ్వొత్తి, ఓ నోటుబుక్కు, చిన్న కప్పులో పొగలు కక్కుతున్న కాఫీ. ఆలస్యంగా వచ్చేవాడికి కూడా ఎంత మర్యాద అనుకుని, కూర్చుని, కాఫీ తాగేశాను. జాజికాయ వాసన. చదువుతున్నాయన మాట మధ్యలో ఆగిపోయాడు. పదిమందీ నన్నే చూస్తున్నారు. ఒకావిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. దోన్యా లేచి వచ్చి, కప్పులోకి తొంగి చూసి, బోర్లించి, మళ్లీ చూసింది.

మాస్టారు నా చెవిలో, “అది మా బావ కుర్చీ. ఈ మీటింగ్ మొదలుపెట్టింది ఆయనే. ఆయన వంతు వచ్చినప్పుడు ఒక పేజీసేపు అందరం మౌనంగా ఉంటాం,” అన్నాడు.

“ఆయన రాలేదా ఇవాళ?”

“పోయి ఏడాదయింది.”

తద్దినాలకి పితృదేవతల తరఫున భోంచేసే భోక్తల్ని మా ఇంట్లో చూశాను గానీ, పిలవకుండా వచ్చి కూర్చున్న భోక్తను నేనే. లేవబోతుంటే దోన్యా నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. నోటుబుక్కు నా ఒళ్లో పెట్టింది.

“చదవమంటోంది,” అన్నాడు మాస్టారు. “బావ పోయాక అది తెరవలేదు. తను చదవలేకపోయింది, మమ్మల్ని చదవనివ్వలేదు.”

“నాకు మీ భాష రాదే!”

“అందుకే.”

అర్థం తెలియకుండా చదవడం నాకు కొత్తేమీ కాదు, వడుగైన దగ్గర్నుంచీ రోజూ చేసిన పని అదే. కానీ ఆ చేతిరాత! ప్రతి మాట దగ్గరా మొదటి అక్షరం రెండు మూడుసార్లు పలికితే గానీ మిగతాది నోట్లోంచి ఊడిపడేది కాదు. రెండో వాక్యానికి ఎవరో వెక్కడం వినిపించింది. టాక్సీ ఆయన లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గది వెచ్చబరిచే రేడియేటర్ టక్ టక్ మని కొట్టుకుంది, ఎవరో లోపల్నించి తడుతున్నట్టు. వాళ్లంతా నన్ను కాదు, నా వెనక ఎవర్నో చూస్తున్నారనిపించింది. వెనక్కి తిరిగితే ఒట్టు. పేజీ అయిపోయింది. అప్పుడు దోన్యా కోపంగా ఏదో అంది. అంతే, అందరూ ఒక్కసారి ఏడుస్తూ నవ్వేశారు.

“ఒక్క పేజీలో ఎన్ని మామిడిచెట్లయ్యా, అంటోంది,” అన్నాడు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ. “ఆయన్ని ఎప్పుడూ అనే మాటే. మా బావకి నత్తి. అచ్చం నీలాగే చదివేవాడు.”

పైకి వెళ్లి చెబితే మా రూమ్మేటు గుమ్మంలోనే ఆపేశాడు. “ఒరేయ్, పోయినాయనకి పెట్టిన కాఫీ తాగొచ్చావా! ఏదీ ముట్టుకోమాక! ముందెళ్లి తలమీంచి పోసుకో!” ఆ రోజు వేడినీళ్లు రాలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక పేజీ చదివాను, కాఫీ తాగాను. భయం పోలేదు. కొవ్వొత్తి కదిలితే నా ప్రాణం కదిలేది. అయినా వెళ్లేవాణ్ణి, ఎందుకంటే ప్రతి పేజీకీ దోన్యా తప్పు చెప్పేది, మొగుడితో పోట్లాడినట్టే, ముఖం వెలిగిపోతూ. అంత సంతోషపడే మనిషికి అర్థం లేని చదువు వినిపించడం అన్యాయమనిపించింది నాకు. ఆవిడకి చెప్పకుండా మాస్టారి దగ్గర పాఠాలు మొదలుపెట్టాను. ఆఫీసుకెళ్లే సబ్‌వేలో క్రియాపదాలు వల్లె వేశాను. వసంతం వచ్చేసరికి చేతిరాత అర్థం కావట్లేదని దోన్యాకి చెప్పి నోటుబుక్కు ముందుగా తీసుకెళ్లి, ఒక పేజీ తయారు చేసుకున్నాను. ఆయన దోన్యాని మొదటిసారి చూసిన రోజు గురించిన పేజీ అది. ఎక్కడా తడబడకుండా, రేడియోలో చదివినట్టు చదివి, గర్వంగా తలెత్తాను.

ఎవరూ తప్పు చెప్పలేదు. దోన్యా నన్నే చాలాసేపు చూసింది, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. తర్వాత నోటుబుక్కు మెల్లిగా తీసుకుని మూసింది. “బాగా చదివావు, బాబూ,” అంది. ఆ మాట నాకు మాస్టారు చెప్పకుండానే అర్థమైంది. మళ్లీ ఆదివారం వెళ్లేసరికి కొవ్వొత్తి లేదు, ఆ కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు నేను అప్పటి దోన్యా వయసు దాటాను. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఆవిణ్ణి సంతోషపెట్టాలనే అంత కష్టపడ్డాడు. ఆ పోయినాయన్ని రెండోసారి సాగనంపింది తనేనని వాడికి చాలా ఏళ్లదాకా తెలియలేదు.