రెండు వైపుల మబ్బు

వేసవి ముగిసే రోజుల్లో సాయంత్రం వార్తల తర్వాత రేడియోలో వాతావరణం చెప్పేవారు. కోస్తాలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చు అని. ఆ ఒకటి రెండు చోట్లలో మా మిరపకాయల కల్లం ఉందో లేదో మాత్రం ఏనాడూ చెప్పలేదు. వాళ్లను అని లాభం లేదు, కోస్తా అంటే చిన్నదా? మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట నల్లరేగడి ఊరు. పడమట నల్లమల కొండలు, తూర్పున సముద్రం. మా ఊళ్లో నిలబడితే ఆ రెండూ కనపడవు. వాన మాత్రం రెండు వైపుల నుంచీ వస్తుంది.

అందుకని మా వాతావరణం మేమే చెప్పుకునేవాళ్లం. మేము ముగ్గురం తోబుట్టువులం. అక్కను సముద్రం ఒడ్డున వాడరేవు పక్క ఊరికి ఇచ్చారు. తమ్ముడు ఎర్రగొండపాలెం వైపు కొండ కింద పొలం చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. నేను మధ్యన మైదానంలో. సెల్‌ఫోన్లు ఊళ్లలోకి వచ్చిన కొత్తలో ముగ్గురిళ్లలోనూ ఒక్కోటి కొన్నారు. ఏర్పాటు నేనే చెప్పాను. కొండల మీద మబ్బు కమ్మితే తమ్ముడు మిస్డ్ కాల్ ఇవ్వాలి. సముద్రం రేగి పడవలు ఒడ్డుకు లాగుతుంటే అక్క ఇవ్వాలి. ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే డబ్బు దండగ, పైగా మా అక్క మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. బాగున్నారా అని అడగడానికి పెళ్లిళ్లూ పేరంటాలూ ఉన్నాయిగా. మూడో తరగతితో బడి మానేసినా అంకెలు నాకు బాగా వచ్చు. నంబరు చూసి కొండో సముద్రమో చెప్పేసేదాన్ని.

ఒకటి రెండు వేసవులు గడిచేసరికి ఊళ్లో వాళ్లకూ అలవాటైంది. కల్లాల మీదుగా వెళుతుంటే, "ఏం పిన్నీ, ఇవాళ నీ ఫోను మోగిందా?" అని కేకేసేవాళ్లు. మోగలేదంటే నిశ్చింతగా కాయ పరుచుకునేవాళ్లు. అంతమంది నా మాట మీద కల్లాలు వదిలిపెట్టి అన్నానికి వెళుతున్నారంటే నాకు గొప్పగానే ఉండేది. ఎందుకు ఉండకూడదు?

ఆ ఏడు కాలవ నీళ్లు ఆలస్యమై కోతలన్నీ వెనకబడ్డాయి. మే నెల సగం దాటినా మా కాయ ఇంకా కల్లంలోనే ఉంది. ఆ ఏటి పంటలో చాలా భాగం అదే. మా అబ్బాయి మొదటి లోడు తీసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాడు. కల్లం దగ్గర నేనూ, మా కోడలూ, కూలికొచ్చిన ఆడవాళ్లూ మిగిలాం. వాన తగిలితే కాయ మీద తెల్లమచ్చ లేస్తుంది, తర్వాత దాన్ని అడిగేవాడుండడు. అలాగని ఊరికే కప్పినా ముప్పే. ఆరీ ఆరని కాయను ఎండపూట పోగేసి టార్పాలిన్ పట్టా కింద పెడితే లోపల చెమర్చి నల్లబడుతుంది.

మధ్యాహ్నం ఫోను మోగి ఆగింది. తమ్ముడు. కప్పడానికి పట్టాలు బయటికి తియ్యమని కేకేశాను. తీసేలోగా మళ్లీ మోగి ఆగింది. ఈసారి అక్క. ఇద్దరూ ఒకే రోజు ఇవ్వడం అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఇక్కడే చిక్కొచ్చింది. కొండ మీద లేచిన మబ్బు సముద్రపు గాలి ఎదురొస్తే మా దాకా రాకుండానే విరిగిపోవడం చాలాసార్లు చూశాం. అంటే అక్క ఫోను చేసింది మంచికా, చెడుకా? నెత్తి మీద ఎండ పేలిపోతోంది. పక్క కల్లం వాళ్లు కదలకుండా నా వంకే చూస్తున్నారు.

మా కోడలు దగ్గరికొచ్చింది. మా ఇంటికొచ్చి రెండేళ్లు కాలేదప్పటికి.

"అత్తయ్యా, పెద్దత్తయ్యకు ఫోను చేసి అడుగుదామండీ."

"మనం పెట్టుకున్న పద్ధతేంటి?"

"ఆ పద్ధతి ఒక మబ్బుకు పెట్టారు కదండీ. ఇవాళ రెండొచ్చాయి."

నాకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా అందులో పస ఉండదు. ఈ మాటలో ఉంది.

"చెయ్యి. ముక్తసరిగా మాట్లాడు," అన్నాను.

అక్క గొంతు ఫోను బయటికి కూడా వినపడుతుంది. "ఏమే అమ్మాయ్, మీ అత్త ఫోను చేయించిందా? ఒంట్లో బాగానే ఉందా దానికి?"

"బాగానే ఉన్నారు పెద్దత్తయ్యా. అక్కడ ఒట్టి గాలేనా, మబ్బు కూడా ఉందా?"

"గాలేంటే! సముద్రం మీంచి నల్లగా లేచొస్తోంది. చేపలు ఎండబెట్టుకునే వాళ్లంతా ఎత్తుకుని పరుగులు. అది సరేగానీ, మీ అత్త నా పచ్చడి జాడీ..."

కోడలు ఫోను కట్టేసింది. జాడీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"కప్పండి!" అని నేను అరిచిన అరుపు మూడు కల్లాల అవతలికి వినపడింది. పక్కవాళ్లూ లేచారు. కాయ పోగులు చేసి, పట్టాలు లాగి, అంచుల మీద చీమకుర్తి గ్రానైటు రాతి ముక్కలు పెట్టాం. ఆఖరి పట్టా పరిచేసరికి పడమరా తూర్పూ రెండూ మూసుకుపోయాయి. ముందు గాలొచ్చింది. రాళ్లున్నా లెక్కచేయకుండా తూర్పు మూల పట్టా పైకి లేచింది. మేమంతా చూస్తుండగానే మా కోడలు పరిగెత్తి ఆ మూల మీద కూర్చుంది. చీర కొంగు నెత్తిన కప్పుకుని, రెండు చేతులతో అంచు పట్టుకుని.

ఇంక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. తలా ఒక అంచు మీద కూర్చున్నాం. నేను కూడా. వడగళ్లు వీపు మీద పడుతుంటే కూలికొచ్చిన ఒకావిడ అటు అంచు నుంచి అరిచింది.

"ఏమ్మా, కూర్చున్నందుకు కూలిస్తావా?"

"పడుకుంటే ఇవ్వను. కూర్చుంటే ఇస్తా."

"ఆ మాట అందరూ వినండే! ఈవిడ ఇస్తానంటోంది!"

అంత వానలోనూ అందరూ విరగబడి నవ్వారు. మా కోడలు మాత్రం నవ్వలేదు. గాలి ఎటు తిరుగుతోందో చూస్తూ, "వదినా, అటు జరుగు! పిన్నీ, ఆ రాయి తొయ్యి!" అని కూలివాళ్లకు కేకలు పెడుతోంది. ఒక దఫా "అత్తయ్యా, లేవకండి!" అని నన్నూ గదిమింది. లేవలేదు.

వాన వెలిసేసరికి చీకటి పడింది. పట్టాలు అలాగే ఉంచి కల్లం చుట్టూ నీళ్లు బయటికి పోయేలా కాలవ తీశాం. తెల్లారేసరికి మా అబ్బాయి గుంటూరు నుంచి వచ్చేశాడు. దారి పొడుగునా తడిసిన కల్లాలు చూసుకుంటూ వచ్చాడేమో, మొహంలో నెత్తురు లేదు. వస్తూనే పట్టా ఎత్తి, గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజ గలగలమంది, తడి తగల్లేదు.

"ఎవరు కప్పించారమ్మా?"

"నీ పెళ్లాం."

"లేదండీ, అత్తయ్యే..."

"నేను చెబుతుంటే మధ్యలో నీకెందుకు?" అని కసిరాను. "అడిగింది నన్ను. చెప్పేది నేను. కప్పించింది నువ్వే."

అది తల దించుకుని నవ్వుకుంటూ పట్టా రెండో అంచు పట్టుకుంది. నేను ఈ అంచు పట్టుకున్నాను. ఎండ ఎక్కేలోపు కాయంతా మళ్లీ పరిచేశాం.