టేబుల్ పక్క కుర్చీలో ముప్పై ఒక్క సెకన్లు

క్లబ్ ఆఫీసుకు నాలుగు ఈమెయిళ్లు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీ జట్టుకు మూడేళ్లు, తర్వాత విదేశంలో, టూవూంబాలో పీజీ చదువుతూ యూనివర్సిటీ జట్టుకు రెండేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాను. తర్వాత ఒక ప్రొఫెషనల్ క్లబ్ నన్ను డెవలప్‌మెంట్ ప్లేయర్‌గా తీసుకుంది. అంటే రోజూ జట్టుతో ప్రాక్టీసు చేయాలి. ఎవరైనా గాయపడితేనే మ్యాచ్‌కు జెర్సీ ఇస్తారు. ప్రాక్టీసులో నా పని రాబోయే ప్రత్యర్థిలా ఆడి చూపించడం. సోమవారం కోచ్ వచ్చి, "ఈ వీక్ నువ్వు వాళ్ల నంబర్ నైన్, మేట్. లెఫ్ట్ హ్యాండ్" అనేవాడు. మూడు సీజన్లు ఇతరుల ఆటే ఆడాను.

మూడో సీజన్ చివరి ఆదివారం ఇద్దరు గాయపడితే నాకు పదిహేడో నంబర్ జెర్సీ వచ్చింది. మరుసటి ఏడాదికి కాంట్రాక్టు లేదని అప్పటికే చెప్పేశారు. కోర్టులో ఒక్క సెకనైనా ఆడినవాడి పేరే క్లబ్ ఆటగాళ్ల జాబితాకెక్కుతుంది. నాకు మిగిలింది ఆ మధ్యాహ్నమే. మా బావమరిది కిశోర్ టూవూంబా నుంచి కారులో వచ్చాడు. "లాస్ట్ మినిట్‌లో అయినా దింపుతార్లే బావా. వీడియో తీస్తా, అక్కకి ప్రూఫ్ కావాలిగా" అన్నాడు.

ముప్పై ఒక్క సెకన్లు ఉండగా బంతి బయటికి పోయింది. మేము పద్దెనిమిది పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. కోచ్ నన్ను పిలిచాడు. జాకెట్ విప్పి, కాలేజీ రోజుల అలవాటుగా వంగి కోర్టు గీతను తాకి కళ్లకద్దుకున్నాను. అక్కడే పొరపాటు జరిగింది. మార్పు కోరే ఆటగాడు స్వయంగా స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి; రిఫరీ బంతి అందించాక ఆ అవకాశం పోతుంది. నేను చేరేసరికి అందించేశాడు. "నెక్స్ట్ విజిల్, మేట్" అని స్కోరర్ పక్కనున్న కుర్చీ చూపించాడు.

ప్రత్యర్థుల షాట్ తప్పింది. బంతి మా కెప్టెన్‌కు చిక్కింది. ఇంకా ఇరవై సెకన్లు. ఓడినవాళ్లు అతని మీదికి కూడా రావడం లేదు. బంతిని గీత బయటికి దొర్లిస్తే చాలు, విజిల్ వేసేవారు, నేను లోపలికి వెళ్లేవాణ్ని. అతను నా ఎదురుగానే నిలబడి నా వైపు చూశాడు. బజర్ మోగేదాకా బంతిని నేలకు కొడుతూనే ఉన్నాడు.

తర్వాత అడిగితే "సారీ మేట్, నిన్ను చూడలేదు" అన్నాడు. కిశోర్ వీడియోలో అతని తల నా వైపే తిరిగి ఉంది. "నువ్వు జాకెట్ విప్పడం మాత్రం సూపర్‌గా వచ్చింది బావా" అని వాడు నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అదే దేశంలో, ట్రుగనీనా అనే శివారు ప్రాంతంలో గోడౌన్ సూపర్‌వైజర్‌ని. బంతి ముట్టుకుని ఎనిమిదేళ్లయింది. మా అమ్మాయి అడుగుతుంది: "సో యూ నెవర్ ప్లేడ్, నాన్నా?" ఆడానని చెప్పలేను. ఆడలేదని ఒప్పుకోలేను.

ఆ మధ్యాహ్నం నేర్పింది ఇంతే: ముందు టేబుల్ దగ్గరికి వెళ్లాలి, దణ్ణం తర్వాత పెట్టుకోవాలి. ఆ రెండు సెకన్లు నావే, ఒప్పుకుంటాను. చివరి ఇరవై సెకన్లు ఎవరివి?

ఆ కెప్టెనే నేడు క్లబ్ మేనేజర్. జాబితా అతని చేతిలోనే ఉంది. ఇదే ఇంగ్లీషులో రాసి ఐదోసారి పంపుతున్నాను. పేరు చేర్చమని అడగడం లేదు. అతన్ని అడిగేది ఇంతే: ఆ రోజు మీరు నన్ను చూశారా, లేదా? ఒక్క మాట రాయండి.