వానల కోసం ఉంచిన మంచాలు

ఈ ఉదయం ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎవరో ఫినాయిల్ వేసి తుడిచారు. ఆఫీస్‌కి టైమవుతున్నా, ఆ ఘాటుకి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఈ దేశంలో నేలకి నిమ్మకాయ వాసన తప్ప మరొకటి ఉండకూడదన్నట్టు తుడుస్తారు. ఇండియన్ స్టోర్‌కి పనిగట్టుకు వెళ్లి ఫినాయిల్ కొనుక్కుని, తన ఫ్లాట్‌ని ధర్మాసుపత్రిలా ఉంచుకున్న మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ నా మొదటి బాస్, డాక్టర్ సుభద్ర గారు. పోయి రెండేళ్లు దాటింది.

గుంటూరు వైపు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుల డాక్టరుగా చేసి, ఇక్కడికొచ్చాక పేద దేశాల ప్రభుత్వ ఆసుపత్రుల పనితీరును కొలిచే కంపెనీలో చేరారు. నేను స్టాటిస్టిక్స్ చదివి అదే కంపెనీలో కొత్తగా చేరాను. ఎన్ని మంచాలున్నాయి, ఎంతమంది డాక్టర్లున్నారు, ఎంతమందికి వైద్యం చేశారు అని చూసి, తక్కువతో ఎక్కువ చేసిన ఆసుపత్రిని పైన పెట్టడం మా పని. నా మొదటి ర్యాంకుల టేబుల్ చూసి మేడమ్ పకపకా నవ్వారు.

“టాప్‌లో ఉన్నదాన్ని చూశావా? మంచానికి ఇద్దరేసి. కింద చాపల మీద ఇంకొందరు. నీ కంప్యూటర్‌కి అది ఎఫిషియెన్సీ. నేనలాంటి చోట పనిచేసొచ్చినదాన్నమ్మా!”

ఆవిడకో అలవాటుండేది. రిపోర్ట్ పంపేముందు, అన్నిటికన్నా అడుగున పడ్డ ఆసుపత్రికి స్వయంగా ఫోన్ చేసేవారు. ఫెయిలైన పిల్లాడిని ముందు పలకరించాలట. ఆఫీసులో అందరూ దాన్ని చాదస్తం అనేవారు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఏడాది ఆఫ్రికాలోని ఓ కొండ ఊరి ఆసుపత్రి అడుగున వచ్చింది. కాన్పుల వార్డు ఏడాదిలో చాలా నెలలు ఖాళీ. దాన్ని మూసేసి, నర్సులను పట్నానికి పంపమని మా రిపోర్ట్ సిఫార్సు. మేడమ్ ఫోన్ చేస్తే అక్కడి డాక్టరు విషయం చెప్పాడు. వానలు పడితే ఏరు పొంగి దారి తెగిపోతుంది. అందుకని నెలలు నిండుతున్న ఆడవాళ్లు ముందే వచ్చి ఆ మంచాల మీద కాన్పు దాకా ఉంటారు.

మేడమ్ వెంటనే మా డైరెక్టర్ ప్రసాద్ గారికి వీడియో కాల్ చేశారు. ఆయన ఫ్రీమాంట్‌లో ఉంటారు.

“మేడమ్, మోడల్‌లో వానలకి కాలమ్ లేదు కదా. క్లయింట్ ర్యాంకింగ్ అడిగాడు, ఇచ్చేద్దాం,” అన్నారాయన.

“లేకపోతే పెట్టండి ప్రసాద్ గారూ. వానలు మీ పర్మిషన్ తీసుకుని రావు.”

ఆయన వినలేదు. అయితే రిపోర్ట్ మీద నా పేరు తీసేయండి అన్నారావిడ. పేరు తీసేశారు, సిఫార్సు ఉంచారు. వార్డు మూతపడింది.

ఆ వానాకాలం తర్వాత మేడమ్ అదే డాక్టరుకి మళ్లీ ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. ఏటికి అవతలే, బండిలో, ఒకామెకు కాన్పయింది. “తల్లీ బిడ్డా, ఇద్దరూనా?” అని మాత్రం అడిగి ఫోన్ పెట్టేశారు. తర్వాత ప్యాంట్రీలో సింక్ దగ్గరికి వెళ్లి, ఆపరేషన్‌కి ముందు కడుక్కున్నట్టు, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏడవకు. టేబుల్ తియ్. వానలకి ఓ కాలమ్ పెట్టు. ఎవరూ అడగరు, అయినా పెట్టు.”

ఆ తర్వాత కొన్నాళ్లకి ఆవిడకి ఇక్కడి ఆసుపత్రిలోనే పెద్ద ఆపరేషన్ జరిగింది. గాయం పచ్చిగా ఉండగానే డిశ్చార్జ్ చేశారు. వీల్‌చెయిర్‌లో నా కారు దాకా వచ్చి, “చూశావా, నా బెడ్ మీద అప్పుడే ఇంకొకరు. మనం టాప్ ర్యాంకమ్మా,” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చలికాలం ఆవిడ దాటలేదు.

ఇప్పటికీ నా ప్రతి టేబుల్‌లో ఆ కాలమ్ ఉంటుంది. క్లయింట్‌కి పంపేముందు ప్రసాద్ గారు దాన్ని తీసేస్తారు. మళ్లీసారి మళ్లీ పెడతాను. ఇవాళ కొత్త ర్యాంకులొచ్చాయి. ఆ కొండ ఊరి ఆసుపత్రి బాగా పైకి ఎక్కింది. వార్డు మూసేశాక ఖాళీ మంచాలు లేవు మరి. దారిలో పోయినవాళ్లు ఆసుపత్రి లెక్కలోకి రారు.

“భలే ఇంప్రూవ్ అయ్యారే!” అన్నారు ప్రసాద్ గారు స్క్రీన్ మీద నుంచి.

నేను లేచి ప్యాంట్రీలోకి వెళ్లి, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. తిరిగొచ్చి, ఈసారి అడుగున పడ్డ ఆసుపత్రికి ఫోన్ కలిపాను.