గ్లాసెడు నీళ్ళలో ఒక ప్యాకెట్

తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెప్పబట్టి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఉప్పునీళ్ళలో వేసిన ఆలుగడ్డ ముక్క ఎందుకు వాడిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. బయట ఉప్పు ఎక్కువైతే కణంలోని నీళ్ళు పొర దాటి వాటంతటవే బయటికి వెళ్ళిపోతాయి. ఎవరూ తోడక్కర్లేదు.

ఫలక్‌నుమాలో మా పక్కింటి అవ్వ ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు కొట్టింది. కొడుకూ కోడలూ పనికి పోయారు. రెండేళ్ళ మనవరాలికి పొద్దుటి నుంచి విరేచనాలు. అవ్వ చేతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంది.

"జర ఇది కలిపియ్యుండ్రి టీచరమ్మా. నాకు చదువు రాదు. దాని మీద ఏం రాసిన్రో ఏమో."

నేను చదివాను. లీటరు నీళ్ళలో కలపమని స్పష్టంగా ఉంది. ఇంత చిన్న పొట్టలో లీటరు నీళ్ళు ఎక్కడ పడతాయి, చిక్కగా కలిపితే తొందరగా పనిచేస్తుందిలే అనుకున్నాను. నా చదువు మీద నాకంత పొగరు. స్టీలు గ్లాసెడు నీళ్ళలో ప్యాకెట్టంతా గుమ్మరించాను.

అవ్వ వేలు ముంచి నాకింది. "మస్తు ఉప్పగున్నది గదమ్మా."

"గట్లనే ఉంటది. తాగించు అవ్వా."

సాయంత్రానికల్లా పిల్ల నీళ్ళకోసం ఏడ్చి ఏడ్చి మత్తుగా వాలిపోయింది. ఆటోలో దవాఖానకు పోతుంటే అప్పుడు వెలిగింది నాకు. పిల్ల ఒంట్లో మిగిలిన కాసిన్ని నీళ్ళనూ కణాల్లోంచి బయటికి లాగేసింది ఆ గ్లాసే. బోర్డు మీద బాణం గుర్తులేసి మరీ చెప్పే పాఠం. ఛీ, నాదీ ఒక చదువేనా అనిపించింది.

"ఎన్ని నీళ్ళల్ల కలిపిన్రు?" డాక్టరు అడిగాడు.

"ఒక గ్లాసుల సారూ," అంది అవ్వ.

"చదువు రాకపోతే రాకపాయె, పక్కింట్ల ఎవర్నన్న అడగొద్దా? పిల్ల పానం మీదికి తెచ్చినవ్."

అవ్వ నా వైపు చూడలేదు. "గల్తీ అయింది సారూ," అంది. నేను గోడ మీది టీకాల పట్టిక చదువుతూ నిలబడ్డాను.

పిల్ల బతికింది. ఇంటికి తెచ్చాక చూడటానికి వెళ్ళి, నా సంగతి ఎందుకు చెప్పలేదని అవ్వను మెల్లగా అడిగాను.

"నాకు తిట్లు అలవాటే టీచరమ్మా. మీకు అలవాటు లేదు గదా," అంది చాయ్ అందిస్తూ.

అంతలో కోడలు లోపలి నుంచి వచ్చి, నా ముందే అత్తతో అంది: "ఇగ నా బిడ్డకు నువ్వేం పెట్టకు, ఏం తాగియ్యకు." అవ్వ తలూపింది. నేను చాయ్ తాగాను.

ఇప్పుడు ఆదివారాలు పనికి పోతూ కోడలు పిల్లను మా ఇంట్లో వదిలి పోతుంది. టీచరమ్మ దగ్గరైతే ఫికర్ ఉండదట. అవ్వ తన గడపలో కూర్చుని మనవరాలిని దూరం నుంచి చూస్తుంటుంది. కలిపింది నేనేనని ఆ కోడలికి నేనింతవరకు చెప్పలేదు.